ఎడమ చేయి నలభై ఒకటి

ఫ్యాన్ల గది, పాత భవనం
జనవరి 11

మా మహారాణి మరదలికి,

నువ్వు ఆ ఊళ్ళో కొత్త భవనానికి వెళ్ళి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళలో రెండే ఉత్తరాలు. రెండింటిలోనూ "ఇక్కడంతా బాగానే ఉంది" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. అంత బాగుంటే మాకూ కాస్త చెప్పొచ్చుగా! గేటు దగ్గరే ఫోను తీసేసుకుంటారనీ, మెయిళ్ళు ఎవరో చదువుతారనీ మీ అన్నయ్య నిన్ను వెనకేసుకొస్తున్నారు. సరే, కాగితం మీదే కానిద్దాం. నాకు కాగితాలకి కొదవా? ఇదీ పారేసిన ఉష్ణోగ్రత గ్రాఫు వెనక రాస్తున్నదే. తిప్పి చూడకు, మన సన్న లాప్‌టాప్ మోడల్ పరువు పోతుంది.

మీ అన్నయ్య సంగతి వింటే నవ్వుతావు. పళ్ళ డాక్టరు కదా, పేషెంటు నోరు తెరిపించి, లోపల అద్దం పెట్టాక అప్పుడు మొదలుపెడుతున్నారట, "మా చెల్లెలు లాప్‌టాప్‌లో పెట్టే చిప్ తయారుచేస్తోందండీ" అని. పాపం వాళ్ళు లేచి వెళ్ళనూ లేరు, చాలని అననూ లేరు. మొన్న ఒకావిడ నోరు పుక్కిలించి మరీ అడిగిందట, "మరి మీ ఆవిడేం చేస్తారు?" అని. "అదే కంపెనీలో ఫ్యాన్లు చూస్తుంది" అన్నారట. "మా హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది, ఒకసారి పంపిస్తారా?" అందట ఆవిడ. మీ అన్నయ్య పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా తోమాను.

ఇక్కడ ఒక మాట తిరుగుతోంది. వచ్చే ఏడాది మన లాప్‌టాప్‌లలో బయటి కంపెనీ దగ్గర కొన్న ప్రాసెసర్ ఉండదట, మనం సొంతంగా చేసుకున్నది పెడతారట, అది అసలు వేడెక్కదట. వేడెక్కకపోతే ఫ్యానెందుకు? ఫ్యాన్ అక్కర్లేకపోతే ఈ గదెందుకు, ఇందులో మేం పదకొండు మందిమి ఎందుకు? నీకు తెలిసే ఉంటుంది. చెప్పవనీ నాకు తెలుసు.

పదిహేడేళ్ళుగా నా పని ఒక్కటే, లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ చప్పుడు తగ్గించడం. ఐదేళ్ళు నా పక్క బల్ల దగ్గర కూర్చుని నువ్వూ చూశావు. నువ్వు చేరిన మొదటిరోజే నా నోట్‌బుక్కు నీ చేతిలో పెట్టాను. అదైనా ఉందా, అమ్మేశావా?

ఫ్యాన్లు చూసుకునే నీ వదిన


కొత్త భవనం, కిటికీ లేని గది
ఫిబ్రవరి 3

వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో! పక్కన కూర్చునే ఆయన ఏంటని అడిగితే "మా వదిన" అన్నాను. "అందరి వదినలూ ఇంత బాగా తిడతారా?" అన్నాడు.

పని గురించి రాయనని సంతకం పెట్టాను వదినా, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదని రాసి ఉంది. కాబట్టి పని తప్ప అన్నీ చెబుతాను. ఈ గదికి కిటికీ లేదు. బయట వాన పడిందో ఎండ కాసిందో మధ్యాహ్నం తిండికి వెళ్ళినప్పుడే తెలుస్తుంది. నా వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి నా స్క్రీను చూస్తుంటారు. నీ పక్కన ఉన్నప్పుడు తప్పు చేస్తే నువ్వు నెత్తి మీద ఒక్కటి మొట్టేదానివి, అక్కడితో అయిపోయేది. ఇక్కడ తప్పు చేస్తే మీటింగు పెడతారు.

నోట్‌బుక్కు అమ్ముకోలేదు, నా సొరుగులోనే ఉంది. నువ్వు అమ్మ చేతులు లాప్‌టాప్ మీద పెట్టించి, ఎంత వేడి దగ్గర "ఇక చాలమ్మా" అంటుందో రాసుకున్న పేజీలు అప్పుడప్పుడు తిరగేస్తుంటాను. ఎడమ చేయి నలభై ఒకటి, కుడి చేయి నలభై మూడు. ఊరికే అడుగుతున్నా, ఆ అంకెలు ఇప్పటికీ అవేనా?

అమ్మకి చెప్పు, బాగా తింటున్నానని.

నీ మరదలు


ఫ్యాన్ల గది, పాత భవనం
మార్చి 1

సంతకాల మరదలికి,

సంతకం పెట్టేముందు "మా వదినకి మాత్రం చెప్పొచ్చు" అని ఒక గీత గీయించుకోవాల్సింది. నీకు ఆ తెలివెక్కడిది!

మీ అమ్మ చేతుల గురించి అడిగావు. అత్తయ్య చేతులకేం, అవే చేతులు. నిన్న పక్కింటావిడతో మాట్లాడుతూ వేడివేడి గిన్నె ఒట్టి చేత్తో దించేసింది. మనిషి మారనప్పుడు అంకెలు మాత్రం ఎక్కడికి పోతాయి?

నీకు జీతంతో పాటు హోదా కూడా పెంచారట కదా. నువ్వు చెప్పలేదు, మీ అన్నయ్య చెప్పారు. ఆయనకి మీ అమ్మ చెప్పింది. మీ అమ్మకి నువ్వు చెప్పావు. ఇంట్లో ఆఖరికి తెలిసింది నాకే. భోజనాల దగ్గర ఇద్దరికిద్దరూ నా మొహమే చూస్తూ కూర్చుంటే, నవ్వడానికి రెండు క్షణాలు ఆలస్యమైంది. ఆ రెండు క్షణాల్నీ అత్తయ్య పట్టేసుకుంది. "ఏం, నీకు సంతోషంగా లేదా?" అంది. "పంటి కింద రాయి పడిందత్తయ్యా" అన్నాను. మీ అన్నయ్య వెంటనే నోరు తెరవమన్నారు. ఇంట్లో పళ్ళ డాక్టరుంటే అబద్ధం ఆడటం కూడా కష్టమే.

సంతోషంగానే ఉన్నాను. నమ్మకపోతే నీ ఇష్టం.

నీ వదిన


కొత్త భవనం
మే 6

వదినా,

ఇప్పుడు చెప్పొచ్చు. నిన్నటి కొత్త మోడల్ ప్రకటన నువ్వూ చూసే ఉంటావు. అవును, సన్న మోడల్‌కి మన సొంత ప్రాసెసరే. అవును, ఫ్యాన్ లేదు. అవును, ఆ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. జులై పదో తారీఖు నుంచి యంత్రాలు తయారవుతాయి.

వేదిక మీద మా విభాగం పెద్దాయన లాప్‌టాప్‌ని మైకు ముందు పెట్టి "వినండి" అన్నప్పుడు హాలంతా నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు. అందరూ నా భుజం తడుతున్నారు. నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. మధ్యాహ్నం తిండి మానేసి ఒక చెవి లాప్‌టాప్‌కి ఆనించి, ఇంకో చెవి చేత్తో మూసుకుని కూర్చునేదానివి. ఆ చప్పట్లప్పుడు నువ్వు ఎక్కడ కూర్చున్నావో, ఏమనుకున్నావో అని భయమేసింది.

కోపమొస్తే తిట్టు. ఉత్తరం రాయకుండా మాత్రం ఉండకు.

నీ మరదలు


ఫ్యాన్ల గది, పాత భవనం
మే 19

చిప్ మరదలికి,

తిట్టమన్నావు కదా, విను.

క్యాంటీన్లో పెద్ద తెర మీద వేశారు. మీ పెద్దాయన మైకు పెట్టగానే మా గదిలో మిగతా పదిమందీ నావైపు తిరిగారు. అప్పుడు నా చేతిలో టీ కప్పుంది. తాగాలో, పెట్టాలో తెలియలేదు. పదిహేడేళ్ళు నేను గీత గీత చొప్పున తగ్గించుకుంటూ వచ్చిన చప్పుడు అది. రెక్క వంపు మార్చాను, రెక్కల సంఖ్య మార్చాను, కింద రబ్బరు మార్చాను. తగ్గిందే కానీ పోలేదు. నువ్వు ఐదేళ్ళు నా దగ్గర నేర్చుకుని, అవతలికి వెళ్ళి, ఎనిమిది నెలల్లో మొత్తం లేకుండా చేశావు. నాకు కుళ్ళు లేదని రాస్తే కలం కూడా నవ్వుతుంది. ఉంది. కడుపులో మంటగా ఉంది. మంటెక్కితే చల్లార్చడానికి నా ఫ్యాను కూడా లేదు.

ఇంట్లో మీ అన్నయ్య ఆ వీడియో పదకొండుసార్లు చూశారు. పన్నెండోసారి పెట్టబోతే ఫోను లాక్కున్నాను.

పోయిన వారం పరీక్షకని నాలుగు నమూనా యంత్రాలు మా గదికి వచ్చాయి. వాటితో పాటు చేతి వేడి పట్టిక ఒకటి. చేయి ఆనే చోటు ఎంత వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకోవాలో చెప్పే కాగితం. ఎడమ చేయి నలభై ఒకటి. కుడి చేయి నలభై మూడు. ఈ లోకంలో రెండు చేతులకీ రెండు వేర్వేరు అంకెలు రాసుకునే పిచ్చిది ఒక్కతే ఉండాలి. "కొలిచినవారు" అన్న చోట నీ పేరుంది.

చక్కటి అంకెలు. ఎక్కడ కొలిచావో ఏమో.

ఇంతకన్నా రాయలేని
నీ వదిన


కొత్త భవనం
జూన్ 8

వదినా,

నువ్వు అడగకముందే చెప్పాల్సింది నేనే. అవి నీ అంకెలే, అమ్మ చేతులవే. మీటింగులో "దేని ఆధారంగా?" అని అడిగారు. మా వదిన నోట్‌బుక్కు, మా అమ్మ చేతులు అంటే నవ్వుతారని భయపడ్డాను. "పదిహేడేళ్ళ పరీక్షల ఫలితం" అన్నాను. అందరూ తలూపారు. ఎవరి పేరు రాయాలని అడిగితే నీ పేరు చెప్పలేదు, నా పేరే రాసేశారు. కాదని చెప్పడానికి అవకాశాలు చాలా వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు. ఎంత తిట్టినా పడతాను.

కానీ ఇప్పుడు నేను నిజంగా ఇరుక్కుపోయాను. ఫ్యాన్ లేని మోడల్ బరువైన పని పెడితే తొమ్మిది నిమిషాలకే నెమ్మదిస్తోంది. మేం లెక్కగట్టింది ఇరవై నిమిషాలు. చిప్‌లో తప్పుందని నాలుగు వారాలుగా వెతుకుతున్నాం, దొరకలేదు. పట్టిక మీద ఎవరికీ అనుమానం లేదు, అంత గొప్పగా చెప్పింది నేనే కదా. వేగం ఇలాగే ఉంటే సన్న మోడల్‌కి మళ్ళీ ఫ్యాన్ పెట్టేస్తామంటున్నారు. నన్ను ఈ పని నుంచి తప్పిస్తారట. పెద్దాయన అందరి ముందూ "నీ మీద నమ్మకంతో మైకు పెట్టాను" అన్నాడు.

వేడి గురించి నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎక్కడ వెతకాలో ఒక్క మాట చెప్పు. చిన్నప్పుడు అన్నయ్యకి చెప్పలేనివి కూడా నీకే చెప్పుకున్నాను. ఇప్పుడూ అంతే.

నీ మరదలు


ఫ్యాన్ల గది, పాత భవనం
జూన్ 14

మరదలికి,

మీవి కొత్త చదువులు, మాది పాత విద్య. అంతమంది మేధావులకి దొరకనిది ఫ్యాన్లు తుడుచుకునే నాకెలా దొరుకుతుంది? ఫ్యాన్ మళ్ళీ పెడతారని ఇక్కడా చెప్పారు. మా వాళ్ళు సంబరంగా ఉన్నారు. అత్తయ్య బాగానే ఉంది.

నీ వదిన


ఇంట్లో, భోజనాల బల్ల
జూన్ 19, పొద్దున

మరదలు పిల్లా,

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది. మీ అన్నయ్య ఇవాళ్టి పేషెంట్లందరికీ రేపు రమ్మని చెప్పి, మొదటి బస్సుకి నీ దగ్గరికి వస్తున్నారు. ఈ ఉత్తరం, దీంతో పాటు ఒక నీలం నోట్‌బుక్కు ఇస్తారు. గేటు దగ్గర ఎవరైనా అడ్డుకుంటే నోరు తెరిపించి అద్దం పెట్టమన్నాను.

ముందు నీకు కావలసింది చెబుతాను. నీ చిప్‌లో తప్పేమీ లేదు. నా అంకెలే తప్పు. ఎడమ చేయి నలభై నాలుగు, కుడి చేయి నలభై ఆరు. పట్టికలో అవి పెట్టు, నీ ఇరవై నిమిషాలు నీకు వస్తాయి.

ఎలా తప్పయ్యాయంటే, నేను చేరిన కొత్తలో పరీక్షించిన లాప్‌టాప్‌లని తిరిగి షోరూముకి పంపాలి. చేయి ఆనే చోట గీత పడితే ఊరుకునేవాళ్ళు కారు. ఉష్ణోగ్రత కొలిచే తీగ కొస గీసుకుంటుందని దాని కింద సన్నటి అట్టముక్క పెట్టి టేపు అంటించేదాన్ని. ఆ అట్టముక్క మూడు డిగ్రీలు మింగేసేది. మీ అమ్మ "ఇక చాలమ్మా" అన్నప్పుడు అసలు వేడి నలభై నాలుగైతే నాకు నలభై ఒకటి కనిపించేది. పాత యంత్రాల్లో దానివల్ల నష్టమేమీ తెలియలేదు. ఫ్యాన్ కాస్త ముందుగా తిరిగేది, అంతే. నీ యంత్రంలో ఫ్యాన్ లేదు. అందుకే చేయి కాలకముందే భయపడి నెమ్మదిస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నాకు నిన్న తెలిసింది కాదు. నిరుడే తెలిసింది. సిగ్గేసి ఎవరికీ చెప్పకుండా, ఆదివారాలు అత్తయ్యని కూర్చోబెట్టుకుని అన్నీ మళ్ళీ కొలిచాను. అదే ఈ నీలం నోట్‌బుక్కు. సెప్టెంబరులో నీకివ్వాలని సంచీలో పెట్టుకుని ఆఫీసుకి వచ్చాను. ఆరోజే కొత్త భవనం నుంచి నీకు పిలుపొచ్చింది. నువ్వు గదంతా ఎగిరావు, నన్ను పట్టుకుని తిప్పావు. నీకు తెలియంది ఏంటంటే, ఆ పనికి నేనూ అర్జీ పెట్టాను. నాకు పిలుపు రాలేదు. సంచీలోంచి నోట్‌బుక్కు తీయలేదు. మర్చిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు. ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో నువ్వు అడిగావు, అంకెలు అవేనా అని. నేను చేతులు అవేనని రాశాను. ఆ వాక్యం రాయడానికి ఎంతసేపు ఆలోచించానో నాకే తెలుసు. ఈ నెల మళ్ళీ అడిగావు, ఎక్కడ వెతకాలో చెప్పమని. నవ్వుకున్నాను కూడా, తప్పుడు అంకె ఎత్తుకెళ్ళింది కదా అని.

నిన్న పైనుంచి ఒక కాగితం వచ్చింది. నమూనాకి ఫ్యాన్ బిగించి చూసి, "ఈ మోడల్‌కి ఫ్యాన్ తప్పనిసరి" అని నేను సంతకం పెట్టాలి. పెడితే గది ఉంటుంది, పదకొండు మందీ ఉంటారు, నా కుర్చీ నాకుంటుంది. నా చేతులారా చేసిన వాటిలో మేలైన ఫ్యానే తెచ్చి బిగించాను. ఆన్ చేశాను. నాలుగు నమూనాలు పక్కపక్కనే ఉన్నాయి, మూడు నిశ్శబ్దంగా ఉన్నాయి, నాలుగోది గుయ్యిమంది. నా ఫ్యాన్ చప్పుడు నాకే చిరాకేసింది. ఈ చప్పుడు పోవాలని పదిహేడేళ్ళు కూర్చున్నదాన్ని, పోయిన చప్పుడుని మళ్ళీ తెచ్చి పెట్టి, దాని కింద నా సంతకమా? కలం తీసి మళ్ళీ మూత పెట్టేశాను.

కుళ్ళు తగ్గిందనుకోకు. ఉన్నదున్నట్టే ఉంది.

నీ వదిన


కొత్త భవనం
జూన్ 27

వదిన గారికి,

మీరు పంపిన నోట్‌బుక్కు అందింది. అంకెలు మార్చాం. ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. ఫ్యాన్ పెట్టే ఆలోచన విరమించుకున్నారు.

ఆరు వారాలు నిద్ర లేదు నాకు. మీటింగుల్లో నిలబెట్టి అడుగుతుంటే, నా చదువు మీద నాకే అనుమానం వచ్చింది. అన్నాళ్ళూ మీ సంచీలో జవాబుంది. నేను మీ పేరు దాచాను, అది తప్పే. మీరు నేను పడిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. రెండూ ఒకటేనా? నాకింకా తెలియడం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో రిపోర్టు రాయమన్నారు. సరిచూసుకోకుండా పాత అంకెలు వాడటం నా పొరపాటని రాశాను. కొత్త పట్టికలో "కొలిచినవారు" అన్న చోట మీ పేరు పెట్టించాను. అట్టముక్క సంగతి ఎక్కడా రాయలేదు. అది ఇంటి విషయం.

మీరు అర్జీ పెట్టారని నాకు ఒక్కసారి చెప్పి ఉంటే, ఆరోజు అలా ఎగిరేదాన్ని కాదు.

ఇక ఉంటాను.

మీ మరదలు


ఇంట్లో, అదే బల్ల
ఆగస్టు 2

మరదలు పిల్లా,

"వదిన గారికి", "మీరు" అని రాశావు. ఎన్ని తిట్టినా అంత తగిలేది కాదు. నెల రోజులు ఆ ఉత్తరం మీ అన్నయ్యకి కూడా చూపించలేదు.

నీ యంత్రం నిన్న ఇంటికొచ్చింది, మీ అన్నయ్య కొన్నారు. క్లినిక్కులో పేషెంట్లకి చూపించుకోవడానికట. ముందు అత్తయ్య ముందు పెట్టాను. పాత అలవాటు కొద్దీ రెండు చేతులూ ఆనించి కూర్చుంది. నేను బరువైన వీడియో పని ఒకటి నడిపించి గడియారం చూస్తున్నాను. పావుగంట గడిచింది. అత్తయ్య విసుక్కుంటూ "ఎంతసేపమ్మా, ఇంకా ఆన్ చెయ్యవా?" అంది.

ఆన్ చేసి పావుగంటైందని చెప్పలేకపోయాను. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈ మాట ఎవరైనా అంటే వినాలని పదిహేడేళ్ళు ఎదురుచూశాను. చివరికి అన్నారు, నీ యంత్రాన్ని చూసి అన్నారు. అంత కుళ్ళులోనూ సంతోషం వేసింది. ఆ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో మీ పెద్దాయన్ని అడిగి చెప్పు.

ఫ్యాన్ల గది వచ్చే నెల మూసేస్తున్నారు. ఏడుగురు బరువు మోడల్‌కి వెళ్తున్నారు, దానికింకా ఫ్యాన్ ఉంటుందట. ముగ్గురు వేరే చోట్లు చూసుకున్నారు. నా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు నమూనాలకీ సంతకం పెట్టి పంపాను, "ఫ్యాన్ అక్కర్లేదు" అని.

నీ రిపోర్టు మా వాళ్ళ ద్వారా నా చేతికొచ్చింది. చదివాను. నలభై నాలుగు పక్కన నా పేరు. నలభై ఒకటి పక్కన నీ పేరు. నా అంకెలు తీసుకున్నావు, నా చప్పుడు తీసుకున్నావు, నేను కూర్చోవాల్సిన కిటికీ లేని గది కూడా తీసుకున్నావు. ఇప్పుడు నా తప్పు కూడా నీదే అంటే ఊరుకోను. అట్టముక్క పెట్టింది నేను. దాచింది నేను. మీ పెద్దాయనకి అంతా వివరంగా రాసి ఈ ఉత్తరంతో పాటే పోస్టులో వేస్తున్నాను. ఆయన ఏమన్నా అనుకోనీ.

నోరెత్తకుండా రిపోర్టు దిద్దు. నలభై ఒకటి నాది.

నీ వదిన